పుష్పకం మనది, కంచె ఎవరిది?

మాంచెస్టరు నగరంలో ఒక పానశాలకు వెళ్ళి మూడు గంటలు కూర్చొని వచ్చానని ఫోనులో చెప్పగానే, నాతోపాటు భాషాప్రవీణ చదివిన పాత మిత్రుడొకడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ముప్పయ్యేళ్ళు పిల్లలకు సుమతీ శతకం చెప్పిన నోటితో ఈ మాటా విన్నాను" అన్నాడు. నేను పుచ్చుకొన్నది రెండు కప్పుల టీ, ఒక పళ్ళెం వేయించిన బంగాళాదుంపలు. ఆ సంగతి చెప్పినా ఆయన మనసు కుదుటపడలేదు. అయితే ఈ టపా ఆయనకు సంజాయిషీ కాదు. ఆ తోటలో కూర్చొన్న మూడు గంటల్లో నాకు మన మీద, ముఖ్యంగా నా మీద, కలిగిన కోపాన్ని దాచుకోలేక రాస్తున్నాను.

ముందుగా పబ్బు అన్న మాట గురించి. మనకు ఆ మాట వినగానే జూబిలీ హిల్సు, చెవులు చిల్లులు పడే సంగీతం, తెల్లవారుజామున పత్రికల్లో వచ్చే ఫోటోలు గుర్తుకొస్తాయి. అక్కడి పబ్బు వేరు. అది 'పబ్లిక్ హౌస్' అన్న మాటకు పొట్టిరూపం, అంటే పదిమంది ఇల్లు. ముసలివాళ్ళు పత్రిక చదువుకొంటారు, తల్లులు పిల్లలకు అన్నాలు తినిపిస్తారు, కుక్కలు బల్లల కింద పడుకొంటాయి. మన సాహిత్యంలో దానికి దగ్గరి చుట్టం కావాలంటే క్రీడాభిరామంలోని పూటకూళ్ళ ఇంటిని తలచుకోవచ్చు. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ, కనబడినదాన్నల్లా చూస్తూ, మధ్యలో ఆగి భోంచేస్తారు. ఆ కావ్యానికి వేరే కథ ఏముంది? ఇద్దరు మిత్రులు ఊరు చూశారు, అంతే. చూడటమే ఇతివృత్తంగా ఒక కావ్యం నిలబడిన భాష మనది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మాంచెస్టరు విమానాశ్రయం రింగ్‌వే అనే పల్లె పక్కన 1938లో మొదలైంది. రింగ్‌వే రోడ్డు మీద, విమానాశ్రయపు కంచెకు ఆనుకొని ఈ పబ్బు ఉన్నది. పేరు కూడా 'ది ఎయిర్‌పోర్ట్ పబ్' అనే, ఇంకేమీ ఆలోచించలేదు. వెనుకవైపు తోట, తోటలో చెక్కబల్లలు, బల్లలకవతల కంచె, కంచెకవతల విమానాలు. వంతు వచ్చేవరకు అవి మన ఎదుటే బారులు తీరి నిలబడతాయి. కిటికీలోంచి బయటికి చూసే ప్రయాణికుడి ముఖం కనబడేటంత దగ్గర.

అక్కడ రెండు రన్‌వేలు ఉన్నాయి. ఒక్కొక్కటి మూడు కిలోమీటర్ల పైచిలుకు. రెండవదాన్ని 2001లో వేశారు, దాన్ని రద్దీ వేళల్లోనే వాడతారు. నేను వెళ్ళిన పూట పడమటి గాలి వీస్తున్నది. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. కాబట్టి దిగేవన్నీ తూర్పున స్టాక్‌పోర్టు వైపు నుండి వచ్చి పబ్బు పక్కగా నేలను తాకుతున్నాయి. ఒకటి దిగగానే, ఆ సందులో కాచుకొన్న మరొకటి మలుపు తిరిగి రన్‌వే ఎక్కి లేచిపోతున్నది. రన్‌వే కొసన '23' అని పెద్ద అంకె వేసి ఉంటుందట. దిక్సూచి మీద 230 డిగ్రీల దిశలో సాగుతుందని దాని అర్థమనీ, అటుకొసన '05' ఉంటుందనీ నాకు చెప్పింది ఎవరో ఇంజనీరు కాదు, తొమ్మిదేళ్ళ మా మనవడు.

కొంతసేపటికి దుబాయి వెళ్ళే ఎయిర్‌బస్ ఎ380 వచ్చింది. రెండంతస్తులు, నాలుగు ఇంజన్లు, ఈ రెక్క కొస నుండి ఆ రెక్క కొసకు దాదాపు 80 మీటర్లు. నిండుగా లేచేటప్పుడు దాని బరువు 575 టన్నుల దాకా ఉండవచ్చు. అది కదిలినప్పుడు బల్ల మీద టీకప్పు సన్నగా వణికింది. అది లేచిపోయాక దాని వెనుక ఉన్న చిన్న విమానం వెంటనే బయలుదేరలేదు. పెద్దదాని రెక్కల కొసల నుండి పుట్టిన గాలిసుడులు సద్దుమణిగేవరకు కొన్ని నిమిషాలు ఆగాలట. తోటలో ఒక్కరూ మాట్లాడలేదు. అరవై దాటినవారూ, చంకన పిల్లలున్నవారూ, అందరూ మెడలెత్తి చూస్తున్నారు. నిత్యం చూసేవాళ్ళే అయినా చూస్తున్నారు. నేను గుడిలో గర్భాలయం తెర తీసినప్పుడు చూసిన ముఖాలు అవి.

మా పక్క బల్ల దగ్గర ఒక కుర్రవాడు పుస్తకంలో విమానాల తోకల దగ్గర రాసి ఉండే అక్షరాలు వరుసగా రాసుకొంటున్నాడు. జీ అయితే బ్రిటన్‌ది, ఈఐ అయితే ఐర్లండుది, ఏ6 అయితే ఎమిరేట్సుది. "మనది వీటీ, తాతయ్యా" అన్నాడు మా వాడు. అంతవరకు బాగానే ఉన్నాను. ఆ పుస్తకం, దాని మీద వంగిన ఆ తల చూడగానే నాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చి మనసు చేదెక్కిపోయింది.

చాలా ఏళ్ళ కింద, మా బడి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్ళాము. దారిలో ఒక విమానాశ్రయం తగిలింది. ఏదన్నది ఇక్కడ అనవసరం. బస్సు ఆపించి, రోడ్డు పక్కన కంచె దగ్గర నిలబెట్టాము. లోపలికి పోలేదు, కంచె తాకలేదు. ఆ పిల్లల్లో అంతకుముందు విమానాన్ని దగ్గరగా చూసినవాడు ఒక్కడూ లేడు. ఏడో తరగతి కుర్రవాడొకడు నోటుపుస్తకం తీసి, ఆగి ఉన్న విమానం బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. చక్రాల దగ్గరికి వచ్చేసరికి కాపలా మనిషి వచ్చాడు. పుస్తకం లాక్కొని ఆ కాగితం చింపాడు. మా పేర్లు, బడి పేరు రాసుకొన్నాడు. ఆయన చేసినది ఆయన ఉద్యోగం అనుకొందాం. నేను చేసినది ఏమిటి? ఆ కుర్రవాడి భుజం పట్టి ముందుకు తోసి, "తప్పయింది సార్ అని చెప్పరా" అన్నాను. వాడు చెప్పాడు. దేనికి చెప్పాడో వాడికి తెలియదు. నిజానికి నాకూ తెలియదు.

బస్సు ఎక్కాక ఒకడు అడిగాడు: "చూస్తే ఏమవుతుంది మాస్టారూ?" నేను పాఠం చెప్పే గొంతుతో, "దేశరక్షణ" అన్నాను. ఆ జవాబు ఇప్పటికీ మనమందరం చెప్పుకొంటున్న జవాబే. అందుకే దాని గురించి మాట్లాడాలి.

దేశరక్షణ చిన్నమాట కాదు. 1999 డిసెంబరులో మన విమానాన్ని ఖాందహారుకు ఎత్తుకొనిపోయిన తరువాత, 2000 నుండి విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించారు. అది సబబే. తలుపు దగ్గర టికెట్టు చూడనివ్వండి, సంచులు వెతకనివ్వండి. నాకు పేచీ లేదు. నా పేచీ తలుపు దగ్గరి తనిఖీతో కాదు, రోడ్డు మీది చూపుతో. ఈ రెంటికీ తేడా తెలియని రక్షణ రక్షణ కాదు, అలవాటు.

"వాళ్ళకేం, వాళ్ళది భయం లేని దేశం" అంటారేమో. మాంచెస్టరు గురించి ఆ మాట అనకండి. 1996 జూన్‌లో ఆ నగరం నడిబొడ్డున ఐర్లండు తీవ్రవాదుల బాంబు పేలింది. 2017 మేలో సంగీత కచేరీ ముగిసి పిల్లలు బయటికి వస్తున్న వేళ జరిగిన పేలుడులో 22 మంది చనిపోయారు. 2007లో గ్లాస్గో విమానాశ్రయపు వాకిట్లోకి మంటలతో కారును తోలారు. అంతకుముందు 1985 ఆగస్టులో ఇదే మాంచెస్టరు రన్‌వే మీద, లేవబోయిన విమానానికి నిప్పంటుకొని 55 మంది ప్రాణాలు పోయాయి. ఇన్ని చూసిన ఊరు అది. అయినా ఆ తోటను మూయలేదు. చూసేవాడు శత్రువు కాడని, పదిమంది కళ్ళున్న చోట దొంగకు చోటు తక్కువని వాళ్ళకు తెలిసినట్లున్నది. హీత్రూ చుట్టుపక్కల విమానాలు చూసేవారిని పోలీసులు తరిమివేయడానికి మారుగా, అనుమానం కలిగించేది కనబడితే మాకు చెప్పండని కలుపుకొన్నారు. ఊరి రచ్చబండ మీద కూర్చొనే ముసలివాళ్ళకు తెలియకుండా కొత్తమనిషి ఊళ్ళోకి రాగలడా? మనకు తెలియని సూత్రమా ఇది?

మనం చేసింది వేరు. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విమానాశ్రయం దగ్గరి హోటలు గదిలోంచి విమానాల రాకపోకలు రాసుకొంటున్న ఇద్దరు బ్రిటిష్ వీక్షకులను అరెస్టు చేశారు. వారాల తరబడి దేశం దాటనివ్వలేదు. గ్రీసు దేశం కూడా 2001లో ఇటువంటి పనే చేసి, పన్నెండుమంది బ్రిటిష్‌వాళ్ళనూ ఇద్దరు డచ్చివాళ్ళనూ గూఢచారులని పట్టుకొని, 2002లో శిక్షలు వేసి, అదే ఏడాది అప్పీలులో ఆ శిక్షలు నిలవక నవ్వులపాలైంది. అయితే అక్కడ వాళ్ళు చూసినది సైనిక స్థావరాన్ని. మనకు ఆ సాకు కూడా లేదు.

ఫోటోల మాట తీసుకోండి. ప్రభుత్వ విమానాశ్రయంలో గాని, ఎగురుతున్న విమానంలోంచి గాని లిఖితపూర్వకమైన అనుమతి లేకుండా ఫోటో తీయరాదని చెప్పే 13వ నిబంధన 1937 నాటి విమాన నియమాలది. అంటే తెల్లవాడు మనను నమ్మని కాలంలో రాసుకొన్న నియమం. తెల్లవాడు తన ఊళ్ళో కంచె పక్కన బల్లలు వేసి టీ ఇస్తున్నాడు. మనం ఆ అపనమ్మకాన్ని మాత్రం వారసత్వంగా భద్రపరచుకొన్నాము. ఈ రోజున ఏ విమానం ఎక్కడ ఎంత ఎత్తులో పోతున్నదో చరవాణిలో చూపించే ఫ్లైట్‌రాడార్24 వంటి సాధనాలున్నాయి. రన్‌వే పొడవు, వెడల్పు, మలుపులు, అన్నీ ఉపగ్రహ చిత్రాల్లో ఇంట్లో కూర్చొని చూడవచ్చు. ఇక పెన్సిలుతో బొమ్మ గీసే పిల్లవాడి నుండి మనం దాస్తున్న రహస్యం ఏమిటి?

ఇప్పుడు నా అసలు కోపానికి వస్తాను. నేను సంస్కృతాంధ్రాలు చదువుకొన్నవాణ్ణి. పుష్పకవిమానం మాట ఎత్తితే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కాని ఆ మాట ఎత్తి మనం చేసే పని ఏమిటి? 2015 జనవరిలో ముంబయిలో జరిగిన సైన్సు కాంగ్రెసులో ప్రాచీన భారత విమానవిద్య మీద పత్రం చదివించుకొన్నాము. వైమానిక శాస్త్రం అనే పుస్తకాన్ని భరద్వాజ మహర్షికి అంటగట్టి ఊరేగుతున్నాము. ఆ పుస్తకం ఇరవయ్యో శతాబ్దపు ఆరంభానికి ముందుది కాదనీ, అందులోని యంత్రాలు ఎగరజాలవనీ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు 1974లోనే శాస్త్రీయంగా తేల్చి చెప్పారు. అది విని నొచ్చుకోవలసిన పని లేదు. వాల్మీకి మహాకవి, ఆయన పుష్పకానికి ఇంజను లెక్కలు అక్కరలేదు.

ఆ వాల్మీకినే ఒకసారి శ్రద్ధగా చదవండి. సుందరకాండలో హనుమంతుడు లంకలో పుష్పకాన్ని చూస్తాడు. అది ఎగరడం లేదు, రావణుని భవనం దగ్గర నిలిచి ఉన్నది. వాల్మీకి ఒక శ్లోకంతో సరిపెట్టక వరుసగా సర్గలు కేటాయించి దాన్ని వర్ణించాడు. రాత్రివేళ, శత్రువు ఇంట, అనుమతి పత్రం లేకుండా, ఆ వానరోత్తముడు ఆ విమానాన్ని తనివితీరా చూశాడు. చూసి ఊరుకోలేదు, ఎక్కి నిలబడ్డాడు కూడా. అలా నిలబడి ఉండగా రావణుని అంతఃపురం నుండి పానీయాల, భక్ష్యాల సువాసన ఆయన ముక్కుకు సోకిందని కూడా కవి చెప్పాడు. తరువాతి సర్గల్లో పానభూమి వర్ణన వస్తుంది. అంటే పానశాల పక్కన విమానం, దాన్ని చూస్తూ ఒక బ్రహ్మచారి. నా మిత్రుడికి ఇంతకంటె పెద్ద ప్రమాణం నేను చూపలేను!

హనుమంతుడు అక్కడికి వెళ్ళింది దూతగా, వెదకడానికి. పట్టుబడితే ప్రాణాపాయం. అయినా ఆ నిర్మాణం చూసి ఆశ్చర్యపడగలిగాడు. తన పని మరచిపోకుండానే ఆశ్చర్యపడగలిగాడు. ఆ ఆశ్చర్యం లేకపోతే సుందరకాండ సుందరం కాదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు పన్నెండు సెకన్లు గాలిలో నిలిచారంటే, అంతకుముందు ఎన్నో ఏళ్ళు పక్షుల రెక్కలను కళ్ళప్పగించి చూశారు కాబట్టి. కవికైనా కమ్మరికైనా మొదటి పని చూడటమే. పుష్పకం మాది అని సభల్లో గొంతు చించుకొనే జాతి, కంచె పక్కన నిలబడి విమానం చూసే పిల్లవాణ్ణి అదిలిస్తే, ఆ జాతి పుష్పకాన్ని ఎన్నడూ ప్రేమించలేదన్నమాట. దాని మీద హక్కును మాత్రమే ప్రేమించింది.

హక్కు మాట వచ్చింది కాబట్టి ఆ లెక్కా చూద్దాం. మాంచెస్టరు విమానాశ్రయాన్ని నడిపే సంస్థలో 35.5 శాతం ఆ నగర పురపాలక మండలిది, 29 శాతం చుట్టుపక్కల తొమ్మిది మండళ్ళది. అంటే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువగా ప్రజలదే. శంషాబాదులో కూడా 13 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, మరో 13 శాతం కేంద్రం చేతిలోని విమానాశ్రయాల సంస్థది. ఆ ప్రాంగణం దాదాపు 5,500 ఎకరాలు. అందులో ఒక ఎకరం, రన్‌వే కనబడేచోట, చూసేవాళ్ళకు ఇవ్వలేమా? పక్కనే ఉన్న ఆదిభట్లలో బోయింగ్ 737 విమానాల తోక మీద నిటారుగా నిలిచే రెక్కలు తయారవుతున్నాయి. మన పిల్లల చేతులు బిగించిన ఆ రెక్క ఏ దేశపు విమానానికో అమరి, ఏ దేశపు తోట ముందు నుండో సాగిపోవచ్చు. అక్కడి పిల్లలు దాన్ని చూసి పుస్తకంలో రాసుకొంటారు. చేసిన ఊళ్ళో మాత్రం చూడటానికి చోటు లేదు.

జనానికి ఆసక్తి లేదనకండి. బేగంపేటలో 2024 జనవరిలో వింగ్స్ ఇండియా ప్రదర్శన పెట్టినప్పుడు టికెట్లు కొని పిల్లలను భుజాలకెత్తుకొని వెళ్ళినవాళ్ళను అడగండి. 2008 మార్చి వరకు ప్రయాణికుల విమానాలన్నీ ఆ బేగంపేటలోనే దిగేవి. ఆ రోజుల్లో సికింద్రాబాదు మేడల మీద బట్టలు ఆరవేసుకొనే ఇల్లాలు కూడా తలెత్తి విమానం చూసేది. ఆ చూపును ఎవరూ అడ్డగించలేకపోయారు. తరువాత విమానాలు ఊరికి దూరంగా పోయాయి, చూపూ పోయింది. అది పోయిందని కూడా మనం గమనించలేదు.

పానశాల పెట్టమని నేను అడగడం లేదు. ఒక మట్టిదిబ్బ, దాని మీద నాలుగు సిమెంటు బల్లలు, ఒక టీ కొట్టు, గట్టి కంచె, కావలసినన్ని కెమెరాలు, ఇద్దరు కాపలా మనుషులు. వచ్చినవారి పేర్లు రాసుకొన్నా సరే. హైదరాబాదులో, విశాఖపట్నంలో, గన్నవరంలో, తిరుపతిలో ఇలాంటి చోటు ఒక్కొక్కటి ఉంటే దేశరక్షణకు వచ్చే లోటు ఏమిటో ఎవరైనా పెద్దలు నాకు విడమరచి చెప్పితే, ఈ టపా వెనక్కు తీసుకొంటాను. "రూల్సు ఒప్పుకోవు" అని మాత్రం చెప్పవద్దు. నేనూ ఒకనాడు అదే చెప్పాను. అది జవాబు కాదని ఆ బస్సులో అడిగిన పిల్లవాడికి అప్పుడే తెలుసు.

ఇది చదివే మిత్రుల్లో ఉపాధ్యాయులు ఉన్నారు. వారికి ఒక్క మాట. పిల్లవాడు దేన్నయినా తదేకంగా చూస్తున్నప్పుడు ఎవరైనా వచ్చి ఎందుకు చూస్తున్నావని అడిగితే, వాడి చేత క్షమాపణ చెప్పించకండి. వాడి ముందు మీరు నిలబడండి. "నేనే చూపిస్తున్నాను" అనండి. ఉపాధ్యాయుడు చేయవలసిన పని అంతకంటె పెద్దది మరొకటి లేదు. ఆ పని చేయవలసిన ఒక్క రోజున నేను చేయలేదు.

సాయంకాలం చలిగాలి మొదలై, "ఇక వెళదాం మామయ్యగారూ" అని అల్లుడు లేచాడు. మా మనవడు తన పుస్తకంలో ఆ పూట చూసిన విమానాలు లెక్కపెట్టాడు, నలభై మూడు. చివరి పేజీలో ఎ380 బొమ్మ గీశాడు. చక్రాలు తప్పుగా వచ్చాయని చెరిపి మళ్ళీ గీశాడు. ఎవరూ వచ్చి అడగలేదు. పళ్ళేలు తీసుకొనే అమ్మాయి మాత్రం ఒక నిమిషం ఆగి ఆ బొమ్మ చూసి, బాగుందని తలూపి వెళ్ళింది.

ఏడో తరగతి ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. పిల్లలుండే ఉంటారు. వాడు కనబడితే ఆ రోజు నేను చెప్పించిన మాటను నేనే వాడికి తిరిగి చెప్పాలి. తప్పయింది.